అమీర్‌పేట కాలిబాటలు

ఇంగ్లండు పల్లెటూళ్లలో ఒక సదుపాయం వుంది. చర్చి గోడ పక్కనో, పొలం గట్టు మొదట్లోనో ఒక గుంజ పాతి, దానికి బాణం గుర్తున్న చెక్క ఒకటి బిగించి వుంటుంది. ‘ఇది జనం నడిచే దారి’ అని దాని అర్థం. ఆ బాణం చూపించిన వైపు మీరు నిర్భయంగా నడిచిపోవచ్చు. దారి ఎవరి చేనులోంచి పోయినా సరే, రైతు వచ్చి ‘ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు’ అని అడగడానికి లేదు. కంచె అడ్డమొస్తే దానికి అటూ ఇటూ చిన్న చెక్కమెట్లు వుంటాయి. మనిషి ఎక్కి దిగుతాడు, ఆవు మాత్రం ఎక్కలేదు. వూళ్లో కిరాణా కొట్టుకి వెళితే ఆ వూరి చుట్టూ నడవదగ్గ దారుల కరపత్రం కూడా దొరుకుతుంది. మొదటి దారి ఇన్ని మైళ్లు, రెండోది ఇన్ని మైళ్లు, మధ్యలో ఫలానా వాగు, చివర్లో టీ దుకాణం!

మన అమీర్‌పేటకి అలాంటి కరపత్రం ఎవరైనా వేశారేమోనని వెతికాను. కోచింగు సెంటర్ల కరపత్రాలు గుప్పెడు దొరికాయి గానీ, నడిచే దారుల కరపత్రం దొరకలేదు. సరే, మనమే ఒకటి వేసుకుందామని బయల్దేరాను. మూడు వారాలు, మూడు బాటలు. పాఠకులకి అవే ఇక్కడ విన్నవిస్తున్నాను.

“అమీర్‌పేటలో నడకేమిటండీ, అక్కడ నిలబడ్డానికే చోటు లేదు కదా!” అనకండి. అందుకే కదా రాస్తున్నది!

నక్షా బాట

ముందుగా ఒక మాట. ఇంగ్లండు వాళ్లకి ఆ బాణం గుర్తులు వూరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న డెర్బీషైర్‌లో కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి మిల్లు పనివాళ్లూ, కుర్రకారూ వందలాదిగా నడిచి వెళ్లారు. ఆ కొండ ధనవంతుల వేటకోసం కంచె వేసి వుంచిన జాగా. ఆ నడకలో జరిగిన ఘర్షణకి అయిదుగురు జైలుకి కూడా వెళ్లారు. ఆ గొడవ నలిగి నలిగి, 1949లో చట్టమొచ్చింది. ఏ వూళ్లో ఏ కాలిబాట వుందో లెక్క తీసి పటం మీద ఎక్కించమని ప్రభుత్వం హుకుం చేసింది. ఇవాళ ఇంగ్లండు, వేల్సులు కలిపితే అలాంటి బాటలు సుమారు 2 లక్షల 25 వేల కిలోమీటర్లు. ఇంకో తమాషా ఏమిటంటే, ఇరవయ్యేళ్లపాటు జనం అడ్డూ ఆపూ లేకుండా నడిచిన దారి, దాదాపుగా జనానిదే అయిపోతుంది అక్కడ. నడవడమే దస్తావేజు!

ఇదంతా మనకి లేని వింతేమీ కాదు. మన పల్లెల్లో డొంక వుంది, పుంత వుంది, చేలగట్టు వుంది. తెలంగాణా పల్లెల్లో ఎవరినైనా అడగండి, ‘నక్షా బాట’ అంటే ఏమిటో చెబుతారు. గ్రామ పటంలో గీత వున్న దారి అది. దాన్ని ఎవరైనా దున్నుకుంటే వూరు వూరంతా పంచాయితీకి లేస్తుంది. అమీర్‌పేట కూడా ఒకనాడు అలాంటి పేటే. యెల్లారెడ్డిగూడ, సోమాజిగూడ, బల్కంపేట, ఫతేనగర్... ఈ పేర్లలోనే వున్నాయి పాతవూళ్లు. వూళ్లు వున్నాయంటే వాటి మధ్య నడిచే బాటలు వుండే వుంటాయి. ఆ బాటల మీదే తారు పడింది, తారు మీద మోటార్లు పడ్డాయి, మోటార్ల మీద మెట్రో పడింది. అడుగున వున్న మనిషి మాత్రం అలాగే నడుస్తున్నాడు, పక్కకి ఒదిగి ఒదిగి!

మొదటి బాట: మైత్రీవనం నుంచి సారథి గేటు దాకా

పొద్దున్న ఆరు గంటలకి అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద నిలబడండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే దారీ, నాగోల్ నుంచి హైటెక్ సిటీ వైపు వెళ్లే దారీ ఇక్కడ ఒకదాని మీద ఒకటిగా దాటుకుంటాయి. 2017 నవంబరులో మొదటి రైళ్లు తిరిగాయి. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దారి, 2019 మార్చిలో హైటెక్ సిటీ దారి కలిశాయి. ఆరింటికి ఇంకా జనం పల్చగా వుంటారు. స్తంభాల కింద ఇడ్లీ బండ్లు పొయ్యి రాజేస్తూ వుంటాయి. ఆ పొగే మీ మొదటి బాణం గుర్తు.

మైత్రీవనం వైపు తిరగండి. పక్కన ఆదిత్య ఎన్‌క్లేవ్, నీలగిరి బ్లాకు... బోర్డులు తలపైకెత్తి చదివితే మెడ నొప్పి పుట్టాలి. ఒకప్పుడు కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ అని వుండేవి. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోతాయని ప్రపంచం భయపడ్డప్పుడు, ఆ భయమే మనవాళ్లకి బతుకుతెరువైంది. తర్వాత జావా వచ్చింది, డాట్‌నెట్ వచ్చింది, ఒరాకిల్ వచ్చింది. ఇప్పుడు కృత్రిమ మేధ అని పెద్దక్షరాల్లో వుంది. బోర్డు మారింది గానీ, దాని కింద సంచీ తగిలించుకుని నడిచే కుర్రవాడు మారలేదు. శ్రీకాకుళం వాడు, ఆదిలాబాదు వాడు, అనంతపురం వాడు. హాస్టల్లో ముగ్గురితో గది, పొద్దున్న ఏడింటి బ్యాచి, మధ్యాహ్నం కర్రీ పాయింటు సాంబారు, రాత్రి ఇంటికి ఫోను: “అంతా బాగానే వుందమ్మా”.

అక్కణ్ణించి సత్యం థియేటర్ వున్న చోటుకి నడవండి. ‘వున్న చోటు’ అనే అనాలి. పాత సత్యం పోయి, ఆ స్థలంలో పెద్ద మాల్ లేచింది. అందులో అల్లు అర్జున్, ఏషియన్ వారితో కలిసి పెట్టిన ఏఏఏ సినిమాస్ 2023 జూన్‌లో తలుపులు తెరిచింది. తెరలు పెరిగాయి, కుర్చీలు మెత్తనయ్యాయి. అయినా ఆటోవాడికి ‘సత్యం దగ్గర ఆపు’ అంటేనే తెలుస్తుంది. హాలు పోయినా పేరు నిలిచే అదృష్టం అందరికీ పట్టదు సుమండీ!

సత్యం దాటి యెల్లారెడ్డిగూడ వైపు సాగితే, బోర్డులు తగ్గి ఇళ్లు మొదలవుతాయి. సందుల్లో ముగ్గులు కనిపిస్తాయి. కూరగాయల బండి, పాల పాకెట్ల డబ్బా, ఒక వేపచెట్టు. కిలోమీటరు పైచిలుకు నడక తర్వాత, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక గేటు. అదే శ్రీ సారథీ స్టూడియోస్!

సినిమా పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తెలుగు సినిమా అంటే మద్రాసే అనుకునే రోజుల్లో, చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ గారి పూనికతో 1950ల్లో హైదరాబాదులో ఈ స్టూడియో వెలసింది. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ హైదరాబాదులోనే పూర్తిగా తయారైన తొలి తెలుగు చిత్రంగా చరిత్రకెక్కింది. అప్పట్లో ఇదంతా వూరవతల. తర్వాత 1960ల్లో అక్కినేని హైదరాబాదుకి మకాం మార్చారు. 1970ల మధ్యలో బంజారాహిల్స్ బండల మధ్య అన్నపూర్ణా స్టూడియో కట్టారు. దానికి దారితీసిన తొలి అడుగుజాడ మాత్రం ఈ యెల్లారెడ్డిగూడ సందులోనే వుంది.

ఓపిక వున్నవాళ్లు ఇక్కణ్ణించి యూసఫ్‌గూడ మీదుగా కృష్ణానగర్ దాకా సాగవచ్చు. అక్కడ తెల్లవారుజామున ఇంకో రకం బ్యాచి కనిపిస్తుంది. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ సహాయకులు. షూటింగు బస్సు కోసం ఎదురుచూపు. వీళ్లలో ఒకడిదీ శ్రీకాకుళమే, ఒకడిదీ అనంతపురమే. అక్కడ మైత్రీవనం కుర్రాడి సంచీలో బయోడేటా మీద ఫొటో అంటించి వుంది. ఇక్కడ కృష్ణానగర్ కుర్రాడి సెల్‌ఫోనులో నలభై ఫొటోలు వున్నాయి. ఇద్దరూ ఎవరో ఒకరు ‘నువ్వు పనికొస్తావు’ అంటారని నడుస్తున్నారు. ఇద్దరి మధ్యా దూరం రెండు మెట్రో స్టేషన్లు. ఇద్దరూ రాత్రి ఫోనులో చెప్పేది మాత్రం ఒకే మాట: “అంతా బాగానే వుందమ్మా”.

కారులో పోతే ఇది కనిపించదండీ. అద్దం అవతల రెండూ రద్దీయే!

రెండో బాట: బల్కంపేట ఎల్లమ్మ దాకా

ఈ బాటలో నాకు తోడు వచ్చినవాడు ఒకాయన వున్నాడు. పేరు చెప్పడం ఆయనకిష్టం లేదు కాబట్టి బాబాయి అంటాను. నేనూ అలాగే పిలుస్తాను. తెనాలి పక్క పల్లె నుంచి 1968లో ఇరవయ్యేళ్ల వయసులో వచ్చి, స్టూడియోల్లో లైట్లు మోశాడు. పెద్ద పెద్ద దీపాలు భుజాన వేసుకుని నిచ్చెనలెక్కినవాడు. యెల్లారెడ్డిగూడలో ఒక చిన్న ఇంట్లో స్థిరపడ్డాడు. ఇప్పుడు ఏడుపదులు దాటి ఎనభైకి దగ్గర పడుతున్నాడు. చేతిలో కర్ర.

“బాబాయ్, ఎక్కడికి నడుద్దాం?” అన్నాను.

“ఎల్లమ్మ తల్లి దగ్గరికి తీసుకుపో అబ్బాయ్. చూసి ఆరేళ్లయింది” అన్నాడు.

నేను ఆశ్చర్యపోయాను. గుడి ఎంత దూరమని? బాబాయి ఇంటి నుంచి మహా అయితే రెండు కిలోమీటర్లు. ఒకప్పుడు ప్రతి మంగళవారం వెళ్లి వచ్చేవాడు.

“దూరం కాదయ్యా. రోడ్డు. మధ్యలో ఆ రోడ్డుంది చూడు...” అని ఆగిపోయాడు.

ఆ రోడ్డు అంటే బొంబాయి హైవే. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ మీదుగా కూకట్‌పల్లి వైపు పోయే పెద్ద రోడ్డు. కుర్రాళ్లు చెయ్యి అడ్డంపెట్టి, బస్సుల మధ్య నుంచి జారిపోతారు. కర్ర పట్టుకున్న మనిషికి ఆ విద్య రాదు. ఆరేళ్ల కిందట ఒకసారి మధ్యలో డివైడర్ దగ్గర ఇరుక్కుపోయి, ఎటూ కదల్లేక పావుగంట నిలబడ్డాడట. ఎవరో కాలేజీ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఇవతల దించిందట. అంతే! అప్పటినుంచీ బాబాయి ప్రపంచం ఆ రోడ్డుకి ఇవతల పక్కకి కుదించుకుపోయింది. గుడి అవతల, పాత స్నేహితుడి ఇల్లు అవతల, అలవాటైన మందుల షాపు అవతల.

మేం పొద్దున్న ఏడింటికి బయల్దేరాం. సందులు దాటేదాకా బాబాయి హుషారుగానే వున్నాడు. “ఇక్కడ తుమ్మచెట్లుండేవి, అక్కడ బండలుండేవి, రాత్రి షూటింగు అయ్యాక పాటలు పాడుకుంటూ పోయేవాళ్లం, పాములకి వినపడాలని!” అంటూ నవ్వించాడు. మెయిన్ రోడ్డు శబ్దం వినబడేసరికి నవ్వు తగ్గింది.

స్టేషన్ ఇంకా కొంచెం దూరం వుందనగా ఫుట్‌పాత్ అయిపోయింది. అయిపోవడమంటే లేకపోవడం కాదు. వుంది. దాని మీద వరసగా మోటారు సైకిళ్లు, ఆ తర్వాత ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఆ తర్వాత ఒక దుకాణం వాళ్ల మెట్లు. దిగి రోడ్డు మీదే నడవాలి. నేను లెక్కపెట్టాను. నలభై అడుగులు. బాబాయి అడుగులతో నలభై. వెనక నుంచి బస్సు హారన్ కొట్టింది. బాబాయి నా మోచెయ్యి పట్టుకున్నాడు. లైట్లు మోసిన చెయ్యి కదా, ఆ పట్టు ఇంకా అలాగే వుంది. కానీ వణుకుతోంది.

ఆ నలభై అడుగులూ దాటాక స్టేషన్ కింద కొత్త రాళ్లు పరిచిన ఫుట్‌పాత్ వచ్చింది. లిఫ్టు దగ్గరికి తీసుకెళ్లాను.

“మనం రైలెక్కడం లేదుగా?”

“లేదు బాబాయ్. పైకెళ్లి అటుపక్క దిగుతాం.”

“టిక్కెట్టో?”

“రైలెక్కితేనే టిక్కెట్టు. రోడ్డు దాటడానికి అక్కర్లేదు.”

ఇది పాఠకులు కూడా గుర్తుపెట్టుకోవలసిన సంగతి. మెట్రో స్టేషన్లలో టిక్కెట్ గేట్లకి ఇవతల వున్న భాగం మీదుగా ఎవరైనా రోడ్డుకి ఇటునుంచి అటు దాటవచ్చు. లిఫ్టులున్నాయి, కదిలే మెట్లున్నాయి. ఇంగ్లండు కంచె మీద చెక్కమెట్లు ఎలాగో, మన అమీర్‌పేటకి ఈ లిఫ్టు అలాగ!

లిఫ్టు పైకెళ్లింది. అద్దంలోంచి బాబాయి కిందికి చూశాడు. ఆరేళ్లుగా తనని ఆపేసిన రోడ్డు, కింద ఏటి నీళ్లలాగా పోతోంది. అటుపక్క లిఫ్టులో దిగాం. కింద అడుగుపెట్టి, వెనక్కి తిరిగి చూసి, “ఏవయ్యా, ఇంతేనా! ఇన్నాళ్లూ ఈ పెట్టె ఇక్కడే వుందా?” అన్నాడు. వాళ్లబ్బాయి ఎప్పుడూ కారులో పోతాడు. కోడలు ఆటోలో పోతుంది. ఈ సంగతి ఆయనకి చెప్పినవాళ్లు లేరు.

అక్కణ్ణించి బల్కంపేట రోడ్డు. దారిలో ప్రకృతి చికిత్సాలయం వుంది. దాని పేరుమీద ఒక చిన్న రైల్వే స్టేషనే వుంది: నేచర్ క్యూర్ హాస్పిటల్. 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లు అక్కడ ఆగుతాయి. మందులు లేకుండా, మట్టితోనూ నీళ్లతోనూ వైద్యం చేసే ఆస్పత్రి పక్కగా నడిచి వెళ్లడంలో ఒక సబబు వుంది. వాళ్లు చెప్పే మొదటి మందు నడకే కదా!

ఎల్లమ్మ గుడి గురించి తెలియనివాళ్లకి ఒక మాట. అన్ని గుళ్లలోనూ దేవుడు మెట్లెక్కితే కనిపిస్తాడు. ఇక్కడ అమ్మవారు కిందికి చూస్తే కనిపిస్తుంది. నేలమట్టానికి పది అడుగుల లోతున, బావిలో స్వయంభువుగా వెలసిందని భక్తుల నమ్మకం. ఆ బావి నీళ్లే తీర్థం. ఆషాఢంలో ఎల్లమ్మ కల్యాణమప్పుడు ఈ వీధులన్నీ జనసముద్రం. మామూలు రోజు పొద్దున్న వెళితే ప్రశాంతం. చుట్టూ ఎన్ని అంతస్తులు లేచినా, ఈ వూరి పాత నేలమట్టం ఎక్కడుందో చెప్పే గుర్తు అది ఒక్కటే మిగిలిందేమో అనిపించింది నాకు.

బాబాయి తలవంచి చాలాసేపు నిలబడ్డాడు. తీర్థం కళ్లకద్దుకున్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, “ఆరేళ్లు ఇంట్లో కూర్చుని కాళ్లలో బలం పోయిందనుకున్నానయ్యా. పోయింది కాళ్లలో బలం కాదు” అన్నాడు. ఏం పోయిందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

తర్వాతి మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి ఫోను. “గుడి దగ్గర్నించే మాట్లాడుతున్నా. ఒక్కణ్ణే వచ్చా” అని. నాకు సంతోషం వేసింది, గుండె కూడా దడదడలాడింది. ఎందుకంటే లిఫ్టు వుంది గానీ, లిఫ్టుకి ముందు ఆ నలభై అడుగులున్నాయి కదా!

మూడో బాట: పంజాగుట్ట నుంచి ఎర్రమంజిల్ గుట్టకి

పంజాగుట్ట చౌరస్తా దగ్గర మొదలుపెట్టండి. ‘పంజా’ అంటే అరచెయ్యి. ఇక్కడి గుట్టమీద పవిత్రమైన హస్తం గుర్తు వుండేదని, అందుకే ఆ పేరని ఒక కథ. కాదు, అయిదు గుట్టలుండేవి కాబట్టి ‘పంచగుట్ట’ అని ఇంకో కథ. కథ ఏదైనా గుట్ట మాత్రం నిజం. ఇప్పుడు గుట్ట కనిపించదు గానీ, నడిచేవాడి పిక్కలకి తెలుస్తుంది. నాగార్జున సర్కిల్ వైపు నడిస్తే ఎక్కుడు, ఇటు తిరిగితే దిగుడు. ఈ నేల కిందున్న నల్లసేనపు రాయి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. దానిముందు మన ఫ్లైఓవర్లు నిన్నటి పిల్లలు!

ఫ్లైఓవర్ అంటే గుర్తొచ్చింది. తలపైన కనిపించే ఈ పంజాగుట్ట వంతెన కడుతుండగా, 2007 సెప్టెంబరు 9 రాత్రి ఒక భాగం కూలి, కింద రోడ్డుమీద పోతున్నవాళ్ల ప్రాణాలు తీసింది. పైన కార్లు వేగంగా పోవడానికి కట్టిన వంతెన అది. కింద నడిచేవాడికి అది చేసే మేలు నీడ ఒక్కటే. ఆ నీడలో నడుస్తూ ఆ రాత్రిని ఒకసారి తలుచుకోవడం మన ధర్మం.

ఖైరతాబాదు వైపు తిరిగితే ఎడాపెడా మందుల దుకాణాలు. ‘నిమ్స్’ దగ్గరికొచ్చామని గుర్తు. 1960ల్లో నిజాం ధర్మనిధితో ఎముకల ఆస్పత్రిగా మొదలైంది. 1989లో చట్టం ద్వారా విశ్వవిద్యాలయ స్థాయి సంస్థగా మారింది. డాక్టర్ కాకర్ల సుబ్బారావుగారు అమెరికా నుంచి వచ్చి దీన్ని నిలబెట్టిన సంగతి ఆ తరం తెలుగువాళ్లందరికీ తెలుసు. ఇక్కడ ఫుట్‌పాత్ మీద ఎవరూ షికారుకి నడవరు. చేతిలో ఎక్స్‌రే కవర్లు, ప్లాస్కులు, పళ్ల సంచీలు. జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. నడక నేర్పే ఆస్పత్రి బయటే నడవడానికి ఇంత ఇబ్బంది ఏమిటా అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఇంకొంచెం ముందుకెళ్లి గుట్ట ఎక్కితే ఎర్రమంజిల్. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించుకున్న ప్యాలెస్ ఇది. పారశీకంలో ‘ఇరమ్’ అంటే స్వర్గవనం లాంటిది. ఇరమ్ మంజిల్ అని నవాబుగారు పెడితే, మన తెలుగు నాలుక దాన్ని ‘ఎర్రమంజిల్’ చేసి హాయిగా మనదిగా చేసుకుంది. మెట్రో స్టేషన్ బోర్డు చదివినవాడు ఒకలా పలుకుతాడు, ఆటోవాడు ఒకలా పలుకుతాడు. ఇద్దరూ ఒకే గుట్టమీదికి వెళతారు.

ఒకనాటి విందులు, పోలో ఆటలు పోయాయి. స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వ ఆఫీసులొచ్చాయి. తర్వాత ఆ ఆఫీసులూ పోయాయి. 2019లో దీన్ని పడగొట్టి కొత్త అసెంబ్లీ కడతామని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. పౌరులు కోర్టుకెళ్లారు. ఆ సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ప్యాలెస్ నిలిచింది. గోడలు పెచ్చులూడి, కిటికీలు వెలవెలబోతూ వున్నా, నిలిచింది.

కిండర్ స్కౌట్ కొండకీ, ఎర్రమంజిల్ గుట్టకీ ఏమిటి సంబంధం అంటారా? రెండింటినీ కాపాడింది ‘ఇది మాది కూడా’ అన్న మామూలు మనుషులే. కాకపోతే అక్కడివాళ్లు కాళ్లతో అన్నారు, ఇక్కడివాళ్లు కాగితాలతో అన్నారు!

గుట్టమీద నిలబడి సాయంత్రం పూట ఒకసారి కిందికి చూడండి. హుస్సేన్ సాగర్ వైపు గాలి వస్తుంది. కింద ఖైరతాబాదు రోడ్డు మీద ఎర్రదీపాల బారు. వర్షాకాలమైతే జాగ్రత్త. ఈ గుట్టల మీద పడ్డ చినుకు ప్రతిదీ నాలాల్లోంచి హుస్సేన్ సాగర్‌కే పోవాలి. ఆ నాలాలు ఇరుకైపోయాయి. 2000 ఆగస్టులో ఒక్కరోజులో బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు ఈ పేటలన్నీ చెరువులయ్యాయి. గట్టిగా వాన పడితే మైత్రీవనం దగ్గర ఇప్పటికీ నీళ్లు నిలుస్తాయి. మూత తెరిచిన మ్యాన్‌హోల్ ఎక్కడుందో నీళ్లకింద కనపడదు. వానలో ఈ బాటలు నడవవద్దు.

మనకీ వుంది హక్కు

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1 లక్షా 68 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో సుమారు 33 వేల మంది ఏ బండీ ఎక్కనివాళ్లు, నడిచి వెళ్తున్నవాళ్లు. ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరన్నమాట.

2025 మే 14న సుప్రీంకోర్టు ఒక మాట అన్నది. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడవడం పౌరుడి హక్కు, అది రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగం అని. వికలాంగులకి కూడా వీలుగా ఫుట్‌పాత్‌లు వుండాలని, ఆక్రమణలు తీసేయాలని చెప్పింది. ఇంగ్లండు కాలిబాటకి పార్లమెంటు చట్టం ఎంతో, మన ఫుట్‌పాత్‌కి ఈ మాట అంత!

బాబాయికి ఈ సంగతి చదివి వినిపించాను. అంతా విని, “జీవించే హక్కంటే గుడికెళ్లే హక్కేగా?” అన్నాడు. “అంతే బాబాయ్” అన్నాను. “మరి ఆ ట్రాన్స్‌ఫార్మరు చదువుకుందా ఈ తీర్పు?” అన్నాడు. లైట్‌మ్యాన్ జోకు!

జోకు సంగతి ఎలా వున్నా, ఇద్దరం కలిసి వార్డు ఆఫీసుకి ఒక దరఖాస్తు రాశాం. ఫలానా చోట నలభై అడుగుల ఫుట్‌పాత్ నడవడానికి వీల్లేకుండా వుంది, దయచేసి ఖాళీ చేయించండి అని. కింద బాబాయి సంతకం, నా సంతకం, ఇడ్లీ బండి ఆయన సంతకం, హాస్టల్ కుర్రాళ్లు పదకొండు మంది సంతకాలు. దరఖాస్తు ముట్టినట్టు రసీదు ఇచ్చారు. బండ్లు కొన్ని తొలగాయి. దుకాణం మెట్లు, ట్రాన్స్‌ఫార్మరు వున్నచోటే వున్నాయి. నలభై అడుగులు ఇప్పుడు ఇరవై రెండయ్యాయి. ఇది కథ కాదు కాబట్టి ఇంతవరకే జరిగింది. మిగతా ఇరవై రెండూ అడుగుతూనే వుంటాం.

నడిచేవారికి నాలుగు మాటలు

పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది లోపల నడవండి. తొమ్మిది దాటితే అమీర్‌పేట మీది కాదు. కొత్త చెప్పులు వద్దు, పాతవి వేసుకోండి. ఫుట్‌పాత్ మీద పరిచిన రాళ్లలో కొన్ని వూగుతాయి, చూసి అడుగు వేయండి. పెద్దరోడ్డు దాటాలంటే స్టేషన్ లిఫ్టు వెతకండి, తొందరపడి డివైడర్ ఎక్కకండి. సెల్‌ఫోను జేబులో పెట్టుకోండి, లేకపోతే మీరు నడిచింది ఆ ఫోనులోనే అవుతుంది. మొదటి బాటకి గంట, రెండో బాటకి రానూపోనూ గంటన్నర, మూడో బాటకి గంటా పావు చాలు. మధ్యలో టీ తాగే వ్యవధి కలిపే చెబుతున్నాను.

ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లని కూడా అడగండి. “ఎక్కడికైనా వెళ్లాలని వుందా?” అని కాదు. అలా అడిగితే ‘ఏం లేదులే’ అంటారు. “ఏ రోడ్డు దాటలేక ఆగిపోయావు?” అని అడగండి. జవాబు తప్పకుండా వస్తుంది. ఆ రోడ్డు దగ్గరే మీ నాలుగో బాట మొదలవుతుంది.